గాలమునకు చిక్కిన చేప ఎవరిది?



ఒకమారు మా పాఠశాల పిల్లలను కొందరిని వెంటబెట్టుకొని భవానీసాగరమునకు విహారయాత్ర పోయితిమి. ఆనకట్ట చూచి, చెట్లనీడను చద్దిమూటలు విప్పుకొని, సాయంకాలము నీటియొడ్డున నిలుచుండగా ఒక ముదుసలి జాలరి పుట్టిని త్రిప్పుకొనుచు గట్టునకు వచ్చెను. పుట్టిలో పొడుగాటి త్రాడు, ఆ త్రాటికి వరుసగా గాలములు ఉండెను. ఒక గాలమున వాలుగచేప తల మాత్రము వ్రేలాడుచుండెను. మొండెము లేదు.

"తక్కిన చేప ఏమైనది తాతా?" అని ఒక పిల్లవాడు తమిళములో అడిగెను. "నీర్‌నాయ్ తిన్నది" అని ముసలివాడు బదులు చెప్పెను. ఆ మాటకు తెలుగేమని పిల్లలు మా మొగము చూచిరి. నీటికుక్క అని చెప్పితిమి.

"తుపాకితో కాల్చరాదా?" అని ఆ పిల్లవాడే మరల అడిగెను.

"కాల్చితే జైలు, కాల్చకపోతే పస్తు. ఏది మేలో నీవే చెప్పు తంబీ" అని ముసలివాడు పుట్టిని వీపునకెత్తుకొని వెడలిపోయెను.

పిల్లవాడు మావంక చూచెను. ఆనాడు మేము సమాధానము చెప్పలేకపోతిమి. ఆ బాకీ తీర్చుటకే ఈ వ్యాసము.

1. ఈ కష్టము ఒక్క భవానిది కాదు

నీటిపై గాలము వేయు ప్రతిచోటను ఈ కథ కలదు. ఇంగ్లండు, స్కాట్లండు తీరములలో కయాకు అను సన్నని పడవలో ఒంటరిగా కూర్చుండి వినోదమునకు చేపలు పట్టువారు పెక్కురు. చేప గాలమునకు తగిలి, దారము బిగిసి, దానిని పడవదాక లాగునంతలో సీలు అను సముద్రజంతువు క్రిందినుండి వచ్చి కొరికికొనిపోవును. కాలిఫోర్నియా తీరమున సముద్రసింహము ఇదే పని చేయును.

ఇందులో ఒక వింత కలదు. కయాకును మొదట నిర్మించినవారు ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూట్ మొదలగు జాతులవారు. వారు చట్రమునకు సీలుతోలు బిగించి కయాకు చేసికొని, దానిపై పోయి సీళ్లనే వేటాడెడివారు. నాడు సీలు తోలొలిచి మనుష్యుడు పడవ కట్టెను. నేడు ఆ పడవవాని చేపను సీలు లాగికొనుచున్నది.

మన ప్రాంతపు నదులలో సీలు లేదు. ఆ స్థానమున నీటికుక్క యున్నది. మోయారు, భవాని, కావేరి నదులలోను, మధుర ప్రాంతమునకు నీరందించు పెరియారు సరస్సులోను ఇది నివసించుచున్నది. ఆ సరస్సు 1895లో ఆనకట్ట కట్టుటవలన ఏర్పడినది. భవానీసాగరము 1948లో మొదలై 1955లో పూర్తియైనది. మనము పొలములకొరకు నీరు నిలిపితిమి. ఆ నీటిలో చేప పెరిగినది. చేప వెంట జాలరియు, నీటికుక్కయు వచ్చిరి.

2. అది చేపను ఎట్లు కనుగొనును?

మన నదులలోని నీటికుక్క 7 మొదలు 11 కిలోల బరువు తూగును. వ్రేళ్లనడుమ చర్మముండుటచే చక్కగా ఈదును. కుటుంబముగా కలిసి తిరుగును. సీలునకు చర్మము క్రింద దట్టమైన క్రొవ్వుపొర కలదు. నీటికుక్కకు అది లేదు. ఒంటి వేడిని నిలుపుకొనుటకు దట్టమైన బొచ్చును, తరచు దొరకు తిండియు దానికి కావలయును. ఆ తిండిలో అధికభాగము చేపలే.

సీలునకును నీటికుక్కకును మీసములే పెద్ద సాధనము. జర్మనీ శాస్త్రజ్ఞులు ఒక సీలునకు కండ్లకు గంత కట్టి, నీటిలో చిన్న యంత్రపు పడవను నడపి చూచిరి. పడవ పోయిన త్రోవలో మిగిలిన నీటి కదలికను మీసములతో పసిగట్టి సీలు దాని వెంటపోయెను. మీసములు మూసినప్పుడు త్రోవ తెలియకపోయెను. ఈ పరిశోధన 2001లో వెలువడినది.

ఇక గాలమునకు తగిలిన చేప సంగతి యోచింపుడు. అది ఒకేచోట కొట్టుకొనును, నీటిని కలచును, పారిపోజాలదు. వేటాడు జంతువు తక్కువ శ్రమతో దొరకు తిండినే ఎన్నుకొనును. కావున దీనిని దొంగతనమనుట మన మాట. జంతువు దృష్టిలో అది నదిలోని చేపయే. గాలము మనదని దానికెట్లు తెలియును?

3. చంపిన తీరునా?

ఈ ప్రశ్నకు బాల్టిక్ సముద్రము జవాబు చెప్పినది. ఇరువదవ శతాబ్ది ఆరంభమున అచ్చట బూడిదరంగు సీళ్లు 80,000కు తక్కువ కాకుండెనని అంచనా. చేపలు తినుచున్నవని ప్రభుత్వములు సీలుతలకు ఇంతయని బహుమానమిచ్చి చంపించెను. తరువాత కర్మాగారముల విషములు నీట కలిసి, మిగిలిన ఆడుసీళ్లకు సంతానము లేకుండ చేసెను. 1970 తరువాతి సంవత్సరములలో అవి సుమారు 4,000 మాత్రమే మిగిలెను. సీళ్లు తగ్గినంతమాత్రమున సముద్రము బాగుపడలేదు. సీలును చెరచిన విషమే ఆ నీటి చేపలలోను చేరెను. వేటను, విషములను నిషేధించిన పిమ్మట సీళ్లు మరల పెరిగినవి. జాలరుల మొరయు మరల మొదలైనది.

1972లో మన దేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. ఆ సంవత్సరముననే అమెరికాలో సముద్రపు క్షీరదములను రక్షించు చట్టము వచ్చినది. ముసలివాడు చెప్పిన జైలు ఈ చట్టముననే యున్నది.

4. దొంగ లేని నది

కోయంబత్తూరువారికి తెలిసిన నది నొయ్యల్. తిరుప్పూరు అద్దకపు నీరు దానిలో కలిసి, 1992లో కట్టిన ఒరత్తుపాళయము జలాశయము సాగునీటికి మారుగా రంగునీటి మడుగైనది. పొలములు చెడినవి, బావులు చెడినవి. 2011లో మద్రాసు హైకోర్టు అద్దకపు పరిశ్రమలను మూయుమని ఆజ్ఞాపించెను. అట్టి నీటిలో గాలము వేయువానికి నీటికుక్క భయము లేదు. దొంగిలింపదగిన చేపయు లేదు. నీటికుక్క యున్నదనగా నీరు బ్రతికియున్నదని అర్థము. ముసలివాని గాలమును కొరికినదియు, అతనికి రేపటి చేప కలదని చెప్పునదియు ఒకటే జంతువు.

5. అయినను నష్టము ఎవరిది?

ఇంతవరకు చెప్పినది న్యాయమే. కాని ఇచ్చటనే ఆగినచో పిల్లవాని ప్రశ్నకు సగమే జవాబిచ్చినవారమగుదుము. కయాకువానికి చేప పోయిన ఒక కథ మిగులును. స్నేహితులకు చెప్పుకొని నవ్వుకొనును. ముసలివానికి చేప పోయిన ఆనాటి బియ్యము పోయినట్లే. నీటికుక్కను కాపాడవలెనని చెప్పుట పట్టణమున కూర్చున్న మనకు సులభము. దాని ఖర్చు మాత్రము పుట్టివాడు ఒక్కడే చెల్లించుచున్నాడు. ఏనుగు తొక్కిన చేను కంటికి కనబడును, అధికారి వచ్చి కొలుచుకొనును. నీటిలో పోయిన చేపకు సాక్ష్యమెక్కడిది?

మార్గములు లేకపోలేదు. పెద్దశబ్దముచేసి సీళ్లను తరుము యంత్రములను కొందరు వాడిరి. కొన్నాళ్లకు సీళ్లు ఆ శబ్దమునకు అలవాటుపడి, శబ్దమున్నచోట తిండియున్నదని నేర్చుకొన్నవి. మధ్యాహ్నపు గంట వినగానే మన పిల్లలు గిన్నెలు పట్టుకొని పరుగెత్తునట్లే! స్వీడను దేశమువారు వేరుదారి త్రొక్కిరి. సీలు కొరుకజాలని గట్టి బోనును కనిపెట్టిరి. గాలి నింపగా అది చేపలతో పైకి తేలును. జాలరి నష్టములో కొంత ప్రభుత్వము భరించును. అనగా మృగమును మార్చలేక పనిముట్టును మార్చుకొనిరి, భారమును పంచుకొనిరి.

బంగ్లాదేశమున నడాయిల్ ప్రాంతపు జాలరులు మరొక అడుగు వేసిరి. మన నదులలోని జాతి నీటికుక్కలనే తరతరములుగా పెంచి, త్రాటితో కట్టి, చేపలను వలలోనికి తరుమునట్లు నేర్పిరి. కూలిగా వానికి చేపలే పెట్టుదురు.

మన జాలరి చేయదగిన చిన్న పనులును కలవు. గాలపు త్రాడును రాత్రియంతయు నీటిలో విడువక తరచు చూచుకొనుట, చేప ప్రేవులను గాలము వేయుచోటనే పారవేయకుండుట, నీటికుక్కలు కనబడినప్పుడు చోటు మార్చుట. ఇవి నష్టమును పూర్తిగా ఆపజాలవు, కొంత తగ్గించును.

6. పిల్లవానికి మా జవాబు

నాయనా, కాల్చరాదు. నీటికుక్క మనకంటె ముందు నదికి వచ్చినది. అది పోయిన నది మనకును పనికిరాదు. కాని తాత పస్తుండుటయు న్యాయము కాదు. నది అందరిది అయినప్పుడు దానిని కాపాడు ఖర్చును అందరు మోయవలెను. గాలమునకు చిక్కిన చేప పుట్టిలో పడువరకు నదిదే. నదిదైన నష్టమును పుట్టివానిమీద మాత్రము వేయుట పెద్దల తప్పు. ఆ తప్పు దిద్దుట నీవు పెద్దవాడవైన పిమ్మట నీ వంతు.

ఇంటివద్ద పిల్లల నడుగవలసిన ప్రశ్నలు

1. సీలునకు, నీటికుక్కకు గల పోలికలేవి? భేదమేది?
2. చీకటినీటిలో సీలు త్రోవను ఎట్లు తెలిసికొనును?
3. శబ్దయంత్రములు ఎందుచేత పనికిరాకపోయెను?
4. పుట్టి, గాలము, వాలుగ, నీటికుక్క: ఈ మాటలను మీ అవ్వాతాతలు ఎట్లు పలుకుదురు? అడిగి వ్రాసికొని రమ్ము.
5. ముసలివాని నష్టమును ఎవరెవరు, ఎంతెంత పంచుకొనవలెను? నీ అభిప్రాయమును పది పంక్తులలో వ్రాయుము.

చివరి ప్రశ్నకు మావద్ద సిద్ధమైన జవాబు లేదు. తలిదండ్రులును పిల్లలతో కలిసి యోచించి వ్రాసి పంపినచో సంతోషముతో చదువుదుము.