తార్నాక నుంచి పచ్చబాట

తార్నాక,
హైదరాబాద్.

చి. స్రవంతికి,


నువ్వు పంపిన నక్ష చూశాను. తార్నాక మెట్రో స్టేషన్ నుంచి ఉస్మానియా క్యాంపస్ గుండా విద్యానగర్ దాకా ఒకటే పచ్చగీత లాగావు. పొడుగునా ఒకే వెడల్పు సైకిల్ బాట, ఒకే పచ్చిక, ఒకే జాతి చెట్లు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది గానీ, ఆ దారిలో నేలా ఒకటి కాదు, నడిచే మనుషులూ ఒకరు కాదు. అందుకని దాన్ని మూడు ముక్కలు చెయ్యి.

మొదటిది మెట్రో మెట్ల దగ్గర. అక్కడ పచ్చికకు చోటు లేదు, అవసరమూ లేదు. కావలసింది నీడ. కాలిబాట మీద అడ్డులేని నడక జాగా కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతుంది. టేపు పట్టుకెళ్లి కొలువు. ట్రాన్స్‌ఫార్మరు, పాన్ డబ్బా, నిలిపిన బైకులు పోగా మిగిలిందే నీ కాలిబాట. తోపుడుబండ్లవాళ్లను తరిమే ప్లాన్ వెయ్యకు. చెట్టుకూ చెట్టుకూ మధ్య వాళ్లకు జాగా చూపిస్తే నడిచేవాళ్లకు అడ్డు రారు. కానుగ, వేప పెట్టు. మొదలు చుట్టూ సిమెంటు పొయ్యనివ్వకు, నీరు ఇంకడానికి మట్టి వదలాలి. అన్నిటికన్నా ముఖ్యం రోడ్డు దాటే చోటు. అక్కడ తెగిపోతే మిగతా బాట ఎంత బాగున్నా ఒక ముసలాయన ఇంట్లోంచి కదలడు.

రెండోది క్యాంపస్. 1920లలో ఈ విశ్వవిద్యాలయ నిర్మాణం మీద సలహా అడిగినవాళ్లలో నగర ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డిస్ ఒకరు. ముందు సర్వే, ఆ తర్వాతే ప్లాన్ అన్నది ఆయన పట్టుదల. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో తెరిచారు. దాని ముందరి తోటను చూసి క్యాంపస్ అంతా అలాగే ఉండాలనుకోకు. లోపలికి వెళితే రాతిబండలు, పల్చటి మట్టి, సీతాఫలం పొదలు, నెమళ్లు. అక్కడ పచ్చిక పెంచితే ఎండాకాలమంతా ట్యాంకర్లు తిరగాల్సిందే. పొదల్ని అలాగే ఉంచి, నడవడానికి మొరం బాట వేస్తే చాలు. చీకటి పడ్డాక అమ్మాయిలు ఆ దారిన ఒంటరిగా రారు కాబట్టి, దీపాలతో, మనుషుల అలికిడితో ఉండే రెండో దారి మెయిన్ రోడ్డు పక్కనే చూపించాలి.

మూడోది పల్లం. విద్యానగర్ దాటి నల్లకుంట వైపు పొడిగిస్తే హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా తగులుతుంది. అది గోల్నాక మీదుగా మూసీలో కలుస్తుంది. 2020 అక్టోబరు వరద ఈ ఊళ్లో నాలాల దారి మూస్తే ఏమవుతుందో అందరికీ చూపించింది. అక్కడ బాట ఒక గట్టు మీదనే ఉండాలి. రెండో గట్టు వాలుగా, వాననీరు పరుచుకునేలా వదలాలి. ఏడాదిలో కొన్నాళ్లు మునిగినా పాడుకాని మొక్కలే పెట్టాలి.

ఒకే జాతి చెట్ల వరస ఎందుకొద్దో కోనోకార్పస్ చెట్టును చూస్తే తెలుస్తుంది. త్వరగా పెరుగుతుందని రోడ్ల వెంట విరివిగా నాటారు, తర్వాత వద్దనుకున్నారు. ఒకే జాతి అయితే అలాంటప్పుడు వరసంతా దండగే. 2023లో ఔటర్ రింగురోడ్డు పక్కన తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్‌నూ తార్నాకకు దించకు. అది వ్యాయామానికి మంచిది. ఇక్కడ సైకిలెక్కేవాడు క్లాసుకు పోతాడు, మందులకు పోతాడు. వాడికి ప్యానెళ్ల కప్పు కన్నా సందుసందుకూ కలిసే దారి అవసరం. సింగపూరు వాళ్లు పార్కుల్ని బాటలతో కలుపుకుంటూ పోయి 300 కిలోమీటర్లు దాటించారు. మనకూ ముక్కముక్కగా అయినా కలుపుకుంటూ పోవడమే మార్గం.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతా. పొద్దున్నే వాకింగువాళ్లు వచ్చే వేళ ఒకసారి, ఎండ మాడ్చే మధ్యాహ్నం ఒకసారి, పెద్దవాన వెలిసిన వెంటనే ఒకసారి ఈ దారంతా నడువు. ఎవరు ఎక్కడ ఆగారో, నీడ ఎక్కడ తెగిందో, నీళ్లు ఎటు పోయాయో నక్ష మీద రాసుకో. కంప్యూటర్ ముందు ఆ తర్వాతే కూర్చో. మూడు ముక్కలకూ మూడు కొలతలతో గీసి పంపితే, తప్పులు పట్టడానికి నేను సిద్ధం.

మీ పెదనాన్న