ఇంటికప్పుపై సూర్యశక్తి – ప్రభుత్వ రాయితీ

ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరములందును, కొల్లేటి లంక గ్రామములందును ఎండకు కొదువ లేదు. ఆ ఎండతో స్నానపు నీరు కాచుకొను గృహస్థునకు లభించు సహాయ మెట్టిదో ఇచ్చట వివరింతుము.

2010లో ప్రారంభమైన జాతీయ సౌరశక్తి పథకము క్రింద సోలార్ హీటర్లకు కేంద్ర రాయితీ లభించెడిది. పిమ్మట అది నిలిచిపోయినది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమై, 2026-27 వరకు నిర్ణయింపబడిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున రాయితీ ఇంటికప్పుపై అమర్చు విద్యుత్ పలకలకు గలదు. 1 కిలోవాట్‌కు రూ. 30,000, రెంటికి రూ. 60,000, మూడు లేక అంతకు మించినచో రూ. 78,000 ఇత్తురు.

1 కిలోవాట్ పలకలు దినమునకు సుమారు 4 యూనిట్లనిచ్చును. 20 లీటర్ల బకెట్టు నీటిని 20 డిగ్రీలు వేడిచేయుటకు అర యూనిట్ చాలును. అనగా నలుగురి స్నానములకు రెండు యూనిట్లు పోగా, తక్కినది దీపములకు, పంకాలకు మిగులును. పగటి మిగులు విద్యుత్తు లైనులోనికి పోయి మీటరు లెక్కలో జమయగును. తెల్లవారుజామున వాడినది అందుండి తగ్గును.

ముఖ్యముగా గమనింపవలసిన దొకటి గలదు. రాయితీ ముందుగా చేతికి రాదు. జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు చేసి, నమోదైన విక్రేతచే పలకలమర్పించి, విద్యుత్ సంస్థవారు తనిఖీ జరిపి నెట్ మీటరు పెట్టిన పిమ్మటనే అది బ్యాంకు ఖాతాకు చేరును. కావున పూర్తి వ్యయమునకు సొమ్ము ముందే సమకూర్చుకొనవలెను. ఇందులకు బ్యాంకు ఋణము గలదు. రాయితీ ఇప్పింతుమని రొక్కమడుగు దళారులను నమ్మరాదు.

కప్పు గట్టిదై, కొబ్బరిచెట్ల నీడ పడనిదై యుండవలెను. తాటాకు ఇండ్లకిది తగదు. లెక్క చూచుకొనిన పిమ్మటనే సంతకము చేయుట శ్రేయస్కరము.