గాలిలో పురుగు మందు - కొలిచే విధానం, పాలతో సంబంధం

పాలలో వెన్న శాతం కంటితో చూసి చెప్పలేము, పరీక్ష చేయవలసిందే. గాలిలో కలిసిన పురుగు మందు సంగతీ అంతే. వాసన పోతే మందూ పోయినట్లేనని సభ్యులు పలువురు మాతో అంటుంటారు. ఇది సరికాదు. చల్లిన తరువాత కూడా ఎండ వేడికి ఆకుల మీది మందు ఆవిరై గాలిలో చేరుతూ ఉంటుంది.

కొలిచే విధానం: మనిషి ఊపిరి పీల్చే ఎత్తులో ఒక పంపు అమర్చుతారు. అది లాగిన గాలి మొదట వడపోత కాగితం గుండా, పిమ్మట స్పాంజి గుండా పోతుంది. ధూళికి అంటిన మందు కాగితం మీద, ఆవిరి రూపంలోని మందు స్పాంజిలో నిలుస్తాయి. ఈ రెంటినీ ప్రయోగశాలలో ద్రావకంతో కడిగి, గ్యాస్ క్రోమటోగ్రాఫు యంత్రంతో ఏ మందు ఎంత ఉన్నదో తేలుస్తారు.

లెక్క: నిమిషానికి 200 లీటర్ల చొప్పున 24 గంటలు నడిచిన పంపు 288 ఘనపు మీటర్ల గాలిని లాగుతుంది. అందులో 2,880 నానోగ్రాముల మందు దొరికిందనుకుందాం. అంటే ఘనపు మీటరుకు 10 నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో 100 కోట్లవ వంతు. చేనికి గాలి వచ్చే వైపున ఒక పంపు, పోయే వైపున ఒక పంపు పెడితే, రెంటి తేడాను బట్టి ఆ చేని వాటా తెలుస్తుంది.

కేరళలోని కాసరగోడు జిల్లాలో 2000 సంవత్సరం వరకు జీడిమామిడి తోటలపై హెలికాప్టరుతో ఎండోసల్ఫాన్ చల్లారు. ప్రజల ఆరోగ్యం దెబ్బతిన్నదన్న ఆందోళన మీద 2011లో సుప్రీంకోర్టు ఆ మందును దేశమంతటా నిషేధించింది. చల్లిన నాడు కొలవని గాలిని తరువాత కొలవలేమని గుర్తుంచుకోవాలి.

పాలతో సంబంధం: గాలికి కొట్టుకొచ్చిన తుంపర పక్క గట్టు గడ్డి మీద పడుతుంది. డి.డి.టి. వంటి కొవ్వులో కరిగే మందులు పశువు మేత ద్వారా పాల వెన్నలోకి దిగుతాయి, కాచినా పోవు. ఒక ఇంటి పాలు క్యానులో పడితే అవి సంఘం పాలే.

సభ్యులు పాటించవలసినవి:

1. మందు కొట్టిన చేని నుంచి గాలి పోయే వైపు గట్టు గడ్డి కోయరాదు.

2. పొరుగువారు మందు కొట్టే రోజు ముందుగా తెలుసుకొని పశువులను దూరంగా కట్టాలి. కుడితి తొట్టిపై మూత వేయాలి.

3. మందు డబ్బాలను ఎంత కడిగినా పాలకు, నీళ్లకు వాడరాదు.

4. మందు పేరు, పైరు, తేదీ, గాలి దిక్కు సంఘం పుస్తకంలో రాయించాలి.

గాలిని కొలిచే పంపు మన సంఘాల వద్ద లేకపోయినా, ఈ నాలుగు వివరాలు రాయడానికి కలం చాలు. రేపు పాలలో అవశేషం కనబడితే కారణం వెదకడానికి అదే ఆధారం.