నిలిపిన పాలబండికి ఎలుకల బెడద

బనగానపల్లె ప్రాంత సంఘాల సభ్యులకు మనవి. నాలుగు రోజులు కదలని బండిలో ఎలుకలు కాపురం పెడతాయి. చిట్టెలుక దూరడానికి 6 మిల్లీమీటర్ల సందు చాలు. దాని ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక తీగెలు కొరుకుతుంది. ఒక్క తీగె తెగినా ఉదయపు పాలు శీతల కేంద్రం చేరక విరిగిపోవచ్చు. ఆ నష్టం సభ్యులందరిదీ. ఎలుక మూత్రం వల్ల మనుషులకూ, పశువులకూ జబ్బు సోకుతుంది.

కావున మేము సూచించేది:

1. దాణా బస్తాలు, గడ్డి దింపి బండిని శుభ్రపరచవలెను.
2. గడ్డివామికి దూరంగా, నాపరాళ్లు పరచిన చోట నిలుపవలెను.
3. రంధ్రాలలో ఉక్కుపీచు కుక్కి, పైన రేకు బిగించవలెను. గోనెగుడ్డ ఆగదు.
4. విషం వద్దు, బోను పెట్టి రోజూ చూడవలెను.
5. పెంటికలను పొడిగా ఊడ్వక, బ్లీచింగు నీటితో తడిపి తుడువవలెను.

బండి తీసేముందు బానెట్ ఎత్తి చూడడం మరువకండి.