ఇంటి దుమ్ము – ఉబ్బసము

సంక్రాంతి పండుగకు కొన్ని దినములు ముందుగా తెలుగునాట ఇంటింటను బూజులు దులుపుట ఆచారము. ఉత్తరదేశమున ఇదే పని దీపావళికి ముందు జరుగును. అటకమీది ఇత్తడి సామాను క్రిందికి దిగును, పరుపులు తిరగవేయబడును, ఏడాదిగా కదలని పెట్టెలు కదలును. సాయంకాలమునకు ఇల్లు అద్దమువలె మెరయును. కాని ఆ యింట ఉబ్బసము గల బిడ్డ యున్నచో, ఆ రాత్రియే వానికి ఆయాసము హెచ్చి, పిల్లికూతలు బయలుదేరి, తల్లిదండ్రులు తెల్లవార్లు మేలుకొని కూర్చుండవలసి వచ్చుట కద్దు. ఇల్లు శుభ్రపరచిన దినముననే వ్యాధి యేల ముదిరెను? శుభ్రము చేయుట దోషము కాదు. చేసిన విధానమునందే లోపము కలదు.

ఇంటి దుమ్మనగా కేవలము మట్టి కాదు. నూలుపోగులు, మన శరీరము నుండి రాలిన చర్మపు పొట్టు, పెంపుడు జంతువుల మేనినుండి వెలువడు నలుసులు, బొద్దింకల మలము, శిలీంధ్ర బీజములు – ఇవన్నియు అందు చేరియుండును. కొందరి శరీరము వీనిని శత్రువులుగా భావించి పోరాటమునకు దిగును. దానినే ఎలర్జీ యందురు. ఆ పోరాటము వలన ముక్కులోని పొర, ఊపిరి గొట్టముల లోపలి పొర వాచి, తుమ్ములు, జలుబు, దగ్గు, ఆయాసము కలుగును.

ఈ దుమ్మునందు ప్రధాన దోషి యెవరో చాలకాలము తెలియలేదు. 1964 మొదలు 1967 వరకు హాలండు దేశమందలి లైడెను నగరమున వోర్‌హోర్స్ట్, స్పీక్స్మా మున్నగు పరిశోధకులు కంటికి ఆనని యొక పురుగును గుర్తించి, ఇంటి దుమ్ము వలన కలుగు ఎలర్జీకి అదియే ముఖ్యకారణమని నిరూపించిరి. దీనిని దుమ్ముపురుగు అనవచ్చును. ఎనిమిది కాళ్లు గల యీ జీవి పొడవు మిల్లీమీటరులో మూడవ వంతునకు మించదు. ఇది మంచములందలి నల్లి కాదు. కుట్టదు, రక్తము పీల్చదు. మనము రాల్చిన చర్మపు పొట్టే దీని యాహారము. ఇది నీరు త్రాగదు. గాలిలోని చెమ్మనే పీల్చుకొని బ్రతుకును. కావుననే సముద్రతీర ప్రాంతములందును, వర్షాకాలమునను దీని సంతతి విశేషముగా పెరుగును. రోజునకు సుమారు 20 రేణువులుగా ఇది విసర్జించు మలమే వ్యాధికారకము. పురుగు చచ్చినను ఆ మలము పరుపులోనే నిలిచియుండును.

రోగి రాత్రి 8 గంటలు ముఖము ఆనించి పరుండు తలగడ, పరుపులే దీని నివాసములు. కనుక ముందువాకిలి కంటె ముందుగా పడకను చూడవలెను. దుప్పట్లు, తలగడ గలీబులు వారమున కొకసారి వేడినీట ఉతుకవలెను. నీటి వేడిమి 55 నుండి 60 సెంటిగ్రేడు డిగ్రీలున్నగాని పురుగు చావదు. చేతికి గోరువెచ్చగా తోచు నీరు చాలదు. చాకిరేవున బట్టలను బానలో ఉడుకబెట్టు పాత పద్ధతి ఈ విషయమున మిక్కిలి మేలైనది. ఉడుకబెట్టుటకు వీలుకాని కంబళ్లను, బొంతలను చన్నీట జాడించి ఎండవేసినను మలము చాలవరకు పోవును. దూదిపరుపును మండుటెండలో ఉదయము నుండి సాయంకాలము వరకు నుంచి, నడుమ తిరగవేసి, ఇంటికి దూరముగా కఱ్ఱతో దులుపవలెను. దట్టముగా నేసిన గుడ్డతో గాని, రెక్సినుతో గాని పరుపునకు అన్నివైపుల తొడుగు కుట్టించుట మరింత మంచిది.

ఇక ఊడ్చుట. పొడి చీపురుతో విసురుగా ఊడ్చినచో నేలమీది దుమ్ము గాలిలోనికి లేచి, రమారమి అరగంట వరకు దిగకుండును. ముందుగా తడిగుడ్డతో తుడిచి, కిటికీలు తెరచి, నేలను ఆరనీయవలెను. ఈ పని రోగి చేయరాదు. ఇంట వేరెవ్వరును లేక ఉబ్బసము గల తల్లియే చేయవలసివచ్చిన యెడల, ముక్కునకు, నోటికి మాస్కు గాని మడతలు వేసిన తడిగుడ్డ గాని కట్టుకొనవలెను. పండుగ శుభ్రత నాడు పిల్లవానిని బంధువుల యింటికి పంపి, దుమ్ము అణగిన పిమ్మట మరునాడు తీసికొనివచ్చుట యుక్తము.

తెలుగున సాలెగూటికిని, చెమ్మగోడపై పట్టు శిలీంధ్రమునకును బూజు అను మాటయే వాడుకలో నున్నది. ఉబ్బసరోగికి హాని చేయునది ముఖ్యముగా రెండవది. గోడకు నీరు దిగు చోటును బాగుచేయింపక పైన సున్నము వేసినచో, అది కొలది దినములలోనే తిరిగి పుట్టును. దానిని కడుగుటకు బ్లీచింగ్ పౌడరు కలిపిన నీరు పనికివచ్చును గాని, ఆ నీటిలో మరుగుదొడ్డి కడుగు ఆమ్లమును ఎన్నడును కలుపరాదు; ప్రాణాపాయకరమైన క్లోరిన్ వాయువు వెలువడును.

బొద్దింకలకు పిచికారీ మందు చల్లుటకంటె, రాత్రివేళ ఎంగిలి గిన్నెలు ఉంచకుండుట, పిల్లలకు అందని మూలలందు బోరిక్ పౌడరు ఉండలు పెట్టుట మేలు. సాంబ్రాణి, అగరువత్తులు, దోమల చుట్టలు ఎలర్జీ పదార్థములు కాకున్నను, వాని పొగ వాచిన ఊపిరి గొట్టములను మరింత రేపును.

వీనిలో ఏదో యొకటి మాత్రమే చేసినచో ఫలము స్వల్పము. పలువిధముల జాగ్రత్తలు కలిపి, నెలల తరబడి పాటించినగాని మార్పు కానరాదు. అంతవరకు వైద్యులు వ్రాసిన ఇన్‌హేలరును మానరాదు. మార్పు కనిపించిన పిదపను వారి సలహా లేనిదే తగ్గింపరాదు. రోగి ఒక వాక్యమైనను పూర్తిగా పలుకలేకపోయినను, పెదవులు నీలివర్ణము దాల్చినను, తెల్లవారు వరకు వేచియుండక తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.