కొండదారి – పనిముట్ల సంచి

ఉద్దేశం: కొండదారులలో మౌంటెన్ బైకుపై వెళ్ళేవారు వెంట ఉంచుకోవలసిన పనిముట్లను, వాటి ఎంపికలోని వివేకాన్ని విద్యార్థులకు తెలియజేయడం.

నగరవీథులలో సైకిలు చెడిపోతే కొద్ది దూరంలోనే మరమ్మతు దుకాణం కనిపిస్తుంది. కొండదారిలో ఆ సౌకర్యం ఉండదు. పొద్దువాలే వేళ జనసంచారం లేనిచోట చెయిను తెగితే, సైకిలును నడిపించుకొని రావడం తప్ప గత్యంతరం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నందువల్ల ప్రయోజనం ఉండదు కదా!

ఇందుకు సైకిలు చరిత్రలోనే నిదర్శనం ఉంది. 1913లో టూర్ ద ఫ్రాన్స్ పోటీలో యూజీన్ క్రిస్టోఫ్ పిరనీస్ పర్వతాలలోని టూర్మలే కనుమ దిగుతుండగా అతని సైకిలు ముందు ఫోర్కు విరిగింది. ఇతరుల సాయం పొందరాదని నాటి నియమం. అతడు సైకిలుతో పది కిలోమీటర్లకు పైగా నడిచి ఒక పల్లె చేరి, కమ్మరి కొలిమిలో స్వయంగా ఫోర్కును అతికించుకొన్నాడు. కొలిమితిత్తి ఊదడానికి ఒక బాలుని సాయం తీసుకొన్నందుకు అతనికి జరిమానా కూడా పడింది. అయినా పోటీని పూర్తిచేశాడు.

మౌంటెన్ బైకు క్రీడ రూపుదిద్దుకొన్నది అమెరికాలోని కాలిఫోర్నియాలో. మారిన్ కౌంటీ యువకులు పాత సైకిళ్ళతో 1976లో ఒక నిటారు కొండదారిలో పోటీలు ప్రారంభించారు. దిగువకు చేరేసరికి వెనుకచక్రపు బ్రేకు వేడెక్కి గ్రీజు మాడిపోయేది. మళ్ళీ గ్రీజు నింపవలసి వచ్చేది. అందువల్లనే ఆ దారికి ‘రీప్యాక్’ అనే పేరు స్థిరపడింది.

సంచిలో ఉండవలసిన వాటిలో మొదటిది చక్రపు కొలతకు సరిపడే ట్యూబు. దానితో పాటు టైరు లీవర్లు, పంక్చరు అతుకులు, సొల్యూషన్, వాల్వుకు సరిపోయే పంపు ఉండాలి. ఒకసారి మూత తీసిన సొల్యూషన్ కొంతకాలానికి ఎండిపోతుంది. కాబట్టి బయలుదేరే ముందు పరీక్షించాలి. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపలి భాగాన్ని జాగ్రత్తగా తడిమి చూడాలి. దక్కను దారులలో విరివిగా కనిపించే తుమ్మముల్లు టైరులోనే ఉండిపోతే కొత్త ట్యూబూ క్షణాలలో గాలి కోల్పోతుంది.

రెండవది అలెన్ కీలు, స్క్రూడ్రైవరు కలిసిన మడత పనిముట్టు. చెయిను పిన్ను తీసే సాధనం, ఆ చెయినుకు సరిపడే విడి లింకు కూడా అవసరం. వెనుక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్కను హ్యాంగర్ అంటారు. రాయి తగిలినప్పుడు తాను వంగి ఫ్రేమును కాపాడడమే దాని పని. సైకిళ్ళను బట్టి దాని ఆకారం మారుతుంది కనుక తగినదానిని ముందే సమకూర్చుకోవాలి. పాత టైరు ముక్క ఒకటి ఉంటే చిరిగిన టైరుకు లోపలి నుండి ఆసరా అవుతుంది.

అయితే అన్నింటినీ మోయడం వివేకం కాదు. ‘ఇది లేకపోతే ప్రయాణం ఆగుతుందా? దీనిని వాడడం తెలుసా?’ అని ప్రతి వస్తువు విషయంలోనూ ప్రశ్నించుకోవాలి. వాడుక తెలియని పనిముట్టు వట్టి బరువు. అందుచేత ట్యూబు మార్చడం, చెయిను కలపడం ఇంటివద్దనే అభ్యసించాలి. ఒరిపిడికి చిల్లుపడకుండా ట్యూబును గుడ్డలో చుట్టాలి. పడినప్పుడు వెన్నుకు గాయమయ్యే ప్రమాదం ఉన్నందున గట్టి పనిముట్లను వీపుకు ఆనేలా పెట్టరాదు.

ముందుచూపు, హస్తనైపుణ్యం కలిసినప్పుడే సంచి సార్థకమవుతుంది. అప్పుడు యాత్రికుడు తాను క్షేమంగా తిరిగి రావడమే కాక, దారిలో చిక్కుకొన్న తోటివానికీ తోడ్పడగలుగుతాడు.

కఠిన పదాలు
గత్యంతరం = వేరొక దారి
నిదర్శనం = ఉదాహరణ
హస్తనైపుణ్యం = చేతిపనిలో నేర్పు

ప్రశ్నలు
1. క్రిస్టోఫ్‌కు జరిమానా విధించడం న్యాయమేనా? చర్చించండి.
2. ‘రీప్యాక్’ అనే పేరు ఎలా వచ్చింది?
3. ‘వాడుక తెలియని పనిముట్టు వట్టి బరువు’ – వివరించండి.