ముందు పుస్తకం పంపించు

శృంగవరపుకోట,
ఆదివారం.

చి॥ అమ్మడికి తాతయ్య దీవించి రాయునది.

ఇక్కడ చలి ఇంకా తగ్గలేదు. అనంతగిరి కొండల మీంచి మంచు దిగి, పొద్దు బాగా ఎక్కితే గాని వీధి కనిపించడం లేదు. మీ మామ్మ మోకాళ్ల నొప్పులు షరా మామూలే. నీ ఉత్తరం మంగళవారం అందింది. బ్యాంకులో పని, హాస్టలు సాంబారు, బీచిరోడ్డులో నడక, అన్నీ రాశావు. ఆ పార్వతీపురం పిల్ల ఊసు మాత్రం ఎక్కడా లేదు. ఇన్నాళ్లూ తన మాట లేకుండా నీ ఉత్తరంలో పేజీ తిరిగేది కాదు. తను ఇది చదవమంది, తను నా కథకి ఈ పేరు వద్దంది, ఇద్దరం ఒకే పొట్లంలో పునుగులు తిన్నాం. ఉన్నట్టుండి ఆ పిల్ల మాయమైపోతే, సర్వీసంతా ఊళ్లోవాళ్ల ఉత్తరాల మధ్య గడిపినవాణ్ణి, నాకు అనుమానం రాదూ?

నిన్న మీ మావయ్య నోరు విప్పాడు. మీ ఆదివారాల జట్టులో నువ్వు కథ చదివితే, ఆ పిల్ల అందరి ముందూ "చివరి రెండు పేజీలూ అక్కర్లేదు" అందట. నువ్వు కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుని లేచి వచ్చేశావట. ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులోంచి కూడా తప్పుకున్నావట. మీ మావయ్య మాటల్లో సగం తీసెయ్యాలని నాకు తెలుసు. మిగిలిన సగమే నన్ను రాత్రంతా మేలుకోబెట్టింది.

తగువు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. సంక్రాంతికి వచ్చినప్పుడు నీ సంచీలో కారా మేష్టారి 'కథాకథనం' చూశాను. అట్ట తిప్పితే లోపల ఆ పిల్ల పేరు, కొన్న తేదీ, మార్జిన్లలో పెన్సిలు రాతలు. అది తిరిగి ఇచ్చావా?

ఇచ్చి ఉండవు. తగువైన మనిషి దగ్గరికి పుస్తకం పట్టుకెళ్లడానికి మొహం చెల్లదు, పోస్టులో పంపడానికి బద్ధకం అడ్డొస్తుంది. నాలుగు నెలలు పోయాక అది నీ అలమరలో నీ పుస్తకాల మధ్య నీ పుస్తకమే అయిపోతుంది. పుస్తకాలు ఇలాగే పోతాయి. దొంగలెవరూ ఎత్తుకుపోరు.

నవ్వకు. 1966 దీపావళి 'యువ' పత్రికలో కారా మేష్టారి 'యజ్ఞం' కథ పడినప్పుడు నాకింకా ఉద్యోగం లేదు. మా అమ్మని బతిమాలి తీసుకున్న డబ్బులతో ఆ సంచిక కొన్నాను. మా జట్టులో ఒక బడిపంతులు, ఒక కాంపౌండరు, ఒక బట్టల కొట్టు గుమాస్తా, నేను. సాయంత్రం బస్టాండు పక్క టీ కొట్టే మాకు సభ. సంచిక చేతులు మారి అందరూ చదివాక ముగింపు దగ్గర పట్టుకున్నారు. అప్పల్రాముడి కొడుకు సీతారాముడు, అప్పు తన పిల్లాడి తరానికి కూడా పాకుతుందని తెలిసి, కన్నకొడుకునే నరికేస్తాడు కదా. ఏ తండ్రీ అలా చెయ్యడని కాంపౌండరు. తాత చేసిన అప్పు నెత్తిమీద పెట్టుకుని పుట్టి చూడు, అప్పుడు మాట్లాడమని పంతులు. గుమాస్తా ఇద్దర్నీ తిట్టాడు. టీ కొట్టువాడు పొయ్యి ఆర్పేసినా మేం లేవలేదు. పంతులూ కాంపౌండరూ ఇక మొహాలు చూసుకోరనే అనుకున్నాను. మర్నాడు సాయంత్రం అదే బల్ల మీద అదే వాదన, గొంతులు ఇంకా పెద్దవి. ఆ కథ మీద అలాంటి తగువులు తెలుగుదేశమంతా అయ్యాయని తర్వాత్తర్వాత తెలిసింది. ఆ తగువు మా జట్టుని విడదీయలేదు.

విడదీసిందేమిటో విను. ఆ పంతులు "ఒక్క రాత్రికియ్యి, పొద్దున్న ఇచ్చేస్తాను" అని సంచిక తీసుకెళ్లాడు. ఇంతలో బదిలీ వచ్చి సాలూరు వైపు వెళ్లిపోయాడు. కార్డు రాశాను. జవాబొచ్చింది. అందులో పిల్లల చదువులున్నాయి, వానలున్నాయి, తను మొదలెట్టిన నవల ఉంది. 'యువ' మాట లేదు. మళ్లీ రాశాను. మళ్లీ అన్నీ ఉన్నాయి, అదొక్కటీ లేదు. అడగడానికి నాకూ మొహమాటం పెరిగింది, అడుగుతానేమోనని ఆయనకీ రాయడం తగ్గింది. అప్పు మీద రాసిన కథ అప్పుకింద పోయింది చూశావా! ఆయన పోయిన కబురు కూడా నాకు ఆలస్యంగా తెలిసింది. ఇంట్లోవాళ్లు పుస్తకాలన్నీ పాత కాగితాలవాడికి తూకానికి వేసేశారట. అంత చక్కగా కథ చదివి వినిపించే గొంతు నేను మళ్లీ వినలేదు. చెప్పొచ్చేదేమిటంటే, కథ బాగులేదన్న మాట మనుషులు మర్చిపోతారు. తిరిగి రాని పుస్తకం మాత్రం కలిసిన ప్రతిసారీ ఇద్దరి మధ్యా కూర్చుంటుంది.

కారా మేష్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు కదా. తర్వాత నేను నా దగ్గరున్న పాత సంచికలు కట్ట కట్టి పట్టుకెళ్లాను. అక్కడ ఎన్నో ఏళ్ల పత్రికలు వరసగా ఉంటే అందరూ ఆహా అనుకుంటారు. నాకు మాత్రం, వీటిలో ఎన్ని ఎవరెవరి దగ్గర అరువు తెచ్చి ఎగ్గొట్టినవో అని ముందు కోపం వచ్చింది. కోపం దిగాక అర్థమైంది. మన కథల్లో చాలా భాగం పుస్తకానికెక్కలేదు. పత్రిక పోతే కథే పోతుంది. ఆ పెద్దాయన ఊరూరా తిరిగి ఇంకొకళ్ల కథలు పోగుచేశారు. స్నేహమంటే అదమ్మా. నీ కోసం ఆయన కష్టపడితే, ఆయన పుస్తకమే అప్పు తెచ్చుకుని దాచుకుంటావా?

సరే, కోప్పడను. నువ్వు రాత్రి పూట పెరుగన్నం మానేశావని మీ అమ్మ చెప్పింది. అది కూడా ఆ తగువు వల్లేనా? నీకు చిన్నప్పుడూ ఇంతే, ఎవరిమీద కోపం వచ్చినా ముందు అన్నం మీద చూపించేదానివి. నీ గొంతులో దగ్గు కూడా విన్నాను మొన్న ఫోనులో. కొండ పసుపు పంపుతున్నాను, పాలల్లో వేసుకు తాగు.

మళ్లీ స్నేహాల మాటకే వస్తాను, విజయనగరం సంగతులు నీకు తెలియనివి కావు. చాసో గారు కథను కాగితం మీద పెట్టకముందే స్నేహితులకి నోటితో చెప్పేవారని పెద్దలు చెప్పగా విన్నాను. ఒకళ్లకి చెప్పి, ఇంకొకళ్లకి చెప్పి, చెప్పిన ప్రతిసారీ సాన పట్టి, మాటకి మాట స్థిరపడ్డాకే రాసేవారట. అందుకే ఆ కథల్లో ఒక్క వాక్యం తీయడానికి ఉండదు. ఆయన చుట్టూ ఉన్నది ఎవరు? మహారాజా కాలేజీలో ఇంగ్లీషు చెప్పే రోణంకి అప్పలస్వామి గారు, యూరపు భాషలు నేర్చి అక్కడి పుస్తకాలు మూలంలో చదివినవారు. శ్రీరంగం నారాయణబాబు గారు, ఎవరికీ అర్థం కాలేదన్నా లెక్కచెయ్యకుండా రాసినవారు. చదువుకని ఆ ఊరొచ్చిన ఆరుద్ర అలాంటివాళ్ల మధ్య పడ్డాడు, 1949కల్లా 'త్వమేవాహం' రాశాడు. అలాంటి మనుషుల ముందు "నా కథ ఎలా ఉంది" అని అడిగితే మొహమాటానికి పోయేవాళ్లెవరు? నారాయణబాబు గారు 1961లో వెళ్లిపోయారు. 'రుధిరజ్యోతి' పుస్తకంగా వచ్చింది ఆయన పోయాకే. మనిషి పోయాక ఆ కవితలు పట్టించుకునేవాళ్లు మిగిలారు గనక వచ్చింది. శ్రీశ్రీ గారి స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావు 1937లో క్షయతో పోతే, 1950లో 'మహాప్రస్థానం' అచ్చయ్యేటప్పుడు దాన్ని ఆయనకే అంకితమిచ్చారు. పదమూడేళ్లు ఒక స్నేహితుణ్ణి మనసులో నిలుపుకోవడం ఏపాటి పనో నీ వయసుకి తెలియదులే.

ఇంకా వెనక్కి వెళ్తే గురజాడ వారు. చిన్నతనంలో ఇంగ్లీషులో కవిత్వం రాశారు, 1883లో 'సారంగధర' అచ్చయింది. కలకత్తాలో పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ దాన్ని మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూనే, పరాయి భాషలో ఎంత బాగా రాసినా అది పరాయిదే, సొంత భాషలో రాయమని సలహా ఇచ్చారంటారు. ఆలోచించు. "చివరి రెండు పేజీలూ అక్కర్లేదు" అంటేనే నువ్వు లేచి వచ్చేశావు. ఆయనకి వచ్చిన సలహా ప్రకారమైతే మొత్తం కాగితాలన్నీ అక్కర్లేదు! అది విన్నారు గనకే మనకి 'కన్యాశుల్కం' దక్కింది. గిడుగు వారు ఆయనకి విజయనగరంలో బళ్లో సహాధ్యాయి. తర్వాత గిడుగు వారు ఉద్యోగానికి పర్లాకిమిడి వెళ్లి సవరల భాషలో మునిగిపోయారు, గురజాడ వారు విజయనగరంలో రాజావారి కొలువులో ఉండిపోయారు. రోజూ కలిసి టీ తాగే స్నేహం కాదది. వాడుక భాష కోసం ఇద్దరూ ఒక పక్కన నిలబడాల్సి వచ్చినప్పుడు మాత్రం బడినాటి చనువు పనికొచ్చింది. గురజాడ వారు ఒంగోలు మునిసుబ్రహ్మణ్యం గారికి రాసిన ఉత్తరాలు ఇవాళ మనం చదువుకుంటున్నామంటే, అందుకున్నవారు దాచబట్టే. ఆ పిల్ల నీకు రాసిన కాగితాలేవైనా ఉంటే కోపంలో చింపెయ్యకు. పోస్టాఫీసువాణ్ణి, చెబుతున్నాను.

ఇప్పుడు నీ కథ. నాకు పంపిన ప్రతి మళ్లీ తీసి చదివాను. మన కోట బస్టాండులో కొండచీపుళ్లమ్మే ముసలమ్మ కథ. బేరమాడి బేరమాడి చివరికి ఎవరూ కొనక, అమ్మకుండా మిగిలిన చీపుళ్లనే దిండుగా పెట్టుకుని బెంచీ మీద పడుకోవడం, బస్సొచ్చినా లేవకపోవడం, కండక్టరు వచ్చి లేపడం, అంతా కళ్లముందు కట్టావు. ఆవిడ మాటలు మన కొండ దిగువ మాటల్లా ఉన్నాయి, పుస్తకం మాటల్లా లేవు. చదువుతూ ఉంటే నాకు గర్వం వచ్చింది. మీ మామ్మకి వినిపిస్తే కళ్లు తుడుచుకుంది. ముసలమ్మ బస్సెక్కి వెళ్లిపోయాక, ఇదంతా చూస్తున్న బ్యాంకు అమ్మాయి బెంచీ మీద కూర్చుని ఏం ఆలోచించిందో ఒక పేజీ రాశావు, రాత్రి ఇంటికెళ్లి ఎలా బాధపడిందో ఇంకో పేజీ. ఆ అమ్మాయి బాధ మాకెందుకమ్మా? ముసలమ్మ బస్సెక్కేసింది కదా. నన్నడిగితే బెంచీ పేజీలో మొదటి నాలుగు వాక్యాలుంచి తక్కినవి కొట్టెయ్యి. ఆ పిల్ల రెండు పేజీలంది, నేను కొంచెం తక్కువంటున్నాను, అంతే తేడా. తాతని కాబట్టి నాలుగు వాక్యాలు వదిలాను.

అందరి ముందూ అనకుండా తర్వాత పక్కకి పిలిచి చెప్పుండొచ్చు అంటావు. ఉండొచ్చు. అయితే చదివింది నలుగురి ముందే కదా. పొగిడితే నలుగురి ముందూ కావాలి, తప్పు చెబితే గుమ్మం చాటున కావాలంటే ఎలా? ఇంకో సంగతి కూడా మావయ్య చెప్పాడు. ఎప్పుడు కలిసినా ముందు నీ కథే చదువుతావట, అవతలివాళ్ల కథ వచ్చేసరికి నీకు బస్సు టైమవుతుందట. అలా చెయ్యకు తల్లీ. వాళ్లదీ పూర్తిగా విను, నిద్రొచ్చినా విను. టీ డబ్బులు ప్రతిసారీ ఆ పిల్లే ఇస్తోందేమో అది కూడా చూసుకో. తనకి నీలా నెల జీతం లేదు, ట్యూషన్లు చెప్పుకుంటోందని నువ్వే రాశావు. తను కొనుక్కున్న పుస్తకం ఎన్ని టీల డబ్బు దాచి కొన్నదో లెక్కేసుకో.

అదిగో, మళ్లీ పుస్తకం దగ్గరికే వచ్చాను. నా 'చాసో కథలు' కూడా నీ దగ్గరే ఉంది. దాన్ని అడగను. నా అలమరంతా ఎప్పటికైనా నీదే, మీ మావయ్యకి చదివే ఓపిక లేదు. ఎక్కడ పెట్టావో చూసుకో చాలు.

సోమవారం భోజనాల విరామంలో పోస్టాఫీసుకి వెళ్లు. రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఎత్తేశారు, అది సాకుగా చెప్పకు, స్పీడు పోస్టు ఉంది. పుస్తకానికి ముందు పాలిథిన్ చుట్టు, పైన ఖాకీ కాగితం, మూలలు నలగకుండా అట్టముక్కలు పెట్టు. పెన్సిలు రాతలు చెరపకు, అవి తనవి. ఎక్కడెక్కడ గీసుకుందో పంపేముందు నువ్వూ ఒకసారి చూడు. లోపల చిన్న చీటీ పెట్టు. క్షమాపణలూ సంజాయిషీలూ రాయకు, ఆ గొడవ మీరిద్దరూ ఎదురుపడి తేల్చుకోండి. పుస్తకం అందగానే చెప్పమని రాయి, దానికి జవాబివ్వక తప్పదు తనకి.

శివరాత్రికి పుణ్యగిరి తీర్థం. సెలవు దొరుకుతుందేమో చూసుకో. ఆ పిల్లని కూడా తీసుకొస్తే పై గది ఖాళీ చేయిస్తాను, మీ ఇద్దరూ తెల్లవార్లూ వాదించుకున్నా ఎవరూ అడగరు. ఎంతమంది వస్తున్నారో ముందే రాయి. మీ మామ్మ జంతికలకి పిండి పట్టించాలంటోంది.

ఆశీస్సులతో,
తాతయ్య